చనువు – అంతరం

బాల్యంలో ఏర్పడిన చెలిమికి ఆస్తిపాస్తుల లెక్కలు తెలియవు. ఒకే వీధిలో ఆడుకొన్నవారు, ఒకే రేవులో పడవ ఎక్కినవారు ఒకరినొకరు పేరుతోనో, వరుసతోనో పిలుచుకొంటారు. యుక్తవయస్సు రాగానే ఆ పిలుపులో మార్పు వస్తుంది. కలిగినవారి బిడ్డ పేరు చివర 'గారు' చేరుతుంది. లేనివారి బిడ్డ పేరు అలాగే మిగిలిపోతుంది. నిన్నటి చనువుకూ, నేటి అంతరానికీ మధ్య జరిగే ఈ పెనుగులాటే తెలుగువారి సరస ప్రణయగాథలలో అనేకాలకు మూలం. వాటిలో కొన్ని నవ్వుతో సుఖాంతమవుతాయి, కొన్ని కన్నీటితో ముగుస్తాయి. ఈ భేదానికి కారణమేమిటో రెండు ప్రసిద్ధ చలనచిత్రాల ఆధారంగా పరిశీలించవచ్చు.

మొదటిది 'మాయాబజార్'. పింగళి నాగేంద్రరావు రచనతో, కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ఈ చిత్రం 1957లో విడుదలైంది. దీనికి ఆధారమైన శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. జనం నోళ్ళలోనూ, నాటకరంగం మీదనూ పెరిగిన కథ అది. శశిరేఖాభిమన్యులు బాల్యం నుండి ఒకరినొకరు ఎరిగినవారు; వరుసకు బావామరదళ్ళు. వారి వివాహానికి పెద్దలు ముందే మాట ఇచ్చుకొన్నారు. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే ఆ మాట మరుగున పడింది. రాజ్యం లేని అల్లునికంటె దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారుడే మేలని రేవతీ బలరాములు తలచారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఈ చిత్రంలో ప్రేక్షకుడు పేద వరుని చూచి నవ్వడు, సంపన్న వరుని చూచి నవ్వుతాడు. తూర్పు గోదావరి జిల్లా రావులపాడులో జన్మించిన రేలంగి వెంకట్రామయ్య ధరించిన లక్ష్మణకుమార పాత్ర ఇందుకు నిదర్శనం. ఘటోత్కచుని మాయ శశిరేఖ రూపంలో పెండ్లిపీటల మీద కూర్చుండి డబ్బు గర్వాన్ని బెదరగొడుతుంది. కథ సుఖాంతమవుతుంది.

రెండవ కథను అర్థం చేసుకోవడానికి గోదావరి డెల్టా స్వరూపం కొంత తెలియాలి. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తి అయినది. కాలువలు పారి, క్షామాలతో కుంగిన నేల వరిపొలాల సీమగా మారింది. పచ్చదనం అందరి కంటికీ కనిపించింది గాని, భూమి అందరి చేతికీ రాలేదు. ఒకవైపు మేడలు లేచాయి. మరొకవైపు పాలేర్ల, పడవవాండ్ర గుడిసెలు అలాగే ఉండిపోయాయి. ఈ ఇరువర్గాలకూ ఉమ్మడి స్థలం నది. రాజమహేంద్రవరం వద్ద 1900 నుండి రైలు వంతెన ఉన్నా, రైలు, రోడ్డు మార్గాలు రెండూ గల వంతెన 1974లో గాని రాలేదు. అంతవరకూ తీరగ్రామాల వారెందరికో పడవే దిక్కు. మేడలోని వారూ, గుడిసెలోని వారూ ఒకే పడవలో కూర్చుండక తప్పేది కాదు.

ఆ పడవ మీదనే 'మూగమనసులు' కథ నడిచింది. రాజమహేంద్రవరంలో జన్మించిన ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1964లో వచ్చిన చిత్రమిది. ధవళేశ్వరానికి చెందిన ముళ్ళపూడి వెంకటరమణ, ఆచార్య ఆత్రేయ రచనలో పాలుపంచుకొన్నారు. జమీందారు కుమార్తె రాధ చదువు కోసం రోజూ నది దాటుతుంది. పడవ నడిపే గోపి ఆమెను దాటిస్తాడు. వారి సంభాషణలో చమత్కారం ఉంది, అలకలున్నాయి, ఆప్యాయత ఉంది. అయినా గోపి ఆమెను 'అమ్మాయిగోరూ' అనే పిలుస్తాడు. అతడు చూపేది ప్రేమయో భక్తియో అతనికే తెలియదు. రాధ వేరొకరిని వివాహమాడి, అచిరకాలంలోనే భర్తను కోల్పోయి తిరిగివస్తుంది. వారి స్నేహాన్ని లోకం నిందిస్తుంది. చివరకు ఇద్దరూ గోదావరి పాలవుతారు. కలియడానికి వారికి మరుజన్మ కావలసివచ్చింది.

రెండు కథలలోనూ చనువు ఉంది, సరసం ఉంది, సంపదలో అంతరమూ ఉంది. ఒకటి మాత్రమే పెండ్లిపందిరిని చేరింది. శశిరేఖాభిమన్యుల మధ్య అంతరం జూదం తెచ్చిపెట్టినది. ధనం పోయినా 'బావ' అనే వరుస పోలేదు. మేనరికమనే ఆచారం వారి వెనుక నిలిచింది. గోపీ రాధల మధ్య అంతరం పుట్టుకతో వచ్చినది. వారి వెనుక ఏ వరుసా లేదు, ఏ ఆచారమూ లేదు. పైగా రాధ వితంతువు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినది 1881లో. ఎనభై ఏళ్ళు గడచిన తరువాత కూడ, అదే నదీతీరాన నడిచిన కథలో రాధకు ఆ మార్గం తెరుచుకోలేదు. శాస్త్రమూ, చట్టమూ అనుమతించినదానిని సంఘం మనస్సు ఇంకా అనుమతించలేదని దీని భావం.

కనుక సరస ప్రణయగాథలలోని నవ్వు తేలికైనదని భావించరాదు. బంధుత్వం అండగా ఉన్నచోట ఆ నవ్వు ధనగర్వాన్ని ఓడించగలిగింది. ఆ అండ లేనిచోట పడవ దిగగానే అది మూగబోయింది. బాల్యమిత్రుడు వయసు వచ్చిన తరువాత కూడ సంకోచం లేకుండ పేరు పెట్టి పిలువగలిగిననాడు, అందుకు ఏ వరుసతోనూ పని లేనినాడు, గోపి వంటివానికి మరుజన్మ కోసం ఎదురుచూడవలసిన అవసరం ఉండదు.