కుక్కకు ఇల్లు కట్టే ముందు పెరంబూరు ఎండను, వానను చూసుకోండి

పెరంబూరులో పెరడున్న ఇళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. రైల్వే వర్క్‌షాపుల్లోనో, 1955లో మొదలైన ఐ.సి.ఎఫ్.లోనో ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో కొందరికి మాత్రం ఇంటి వెనుక బావి పక్కన ఇంకా కాస్త జాగా ఉంది. పిల్లలు వేరే ఊళ్లలో ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే. తోడుకూ కాపలాకూ ఒక కుక్క. దానికి బయట ఇల్లు ఎలా కట్టించాలని సంఘం సభ్యులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. ముందు తప్పుగా కట్టించి తర్వాత నేర్చుకున్నవాళ్లం కాబట్టి రాస్తున్నాం.

మేము మొదట కట్టించినది చూడడానికి ముచ్చటగానే ఉండేది. మూడు వైపులా ఇటుక గోడ, పైన సిమెంటు రేకు, ముందు చిన్న గుమ్మం. ఇంగ్లీషు సినిమాల్లో కనిపించే నమూనా. అది చలిదేశపు ఇల్లు. కుక్క ఒంటి వేడి బయటికి పోకూడదని అక్కడ గది ఇరుకుగా, గుమ్మం చిన్నదిగా పెడతారు. మనకు కావలసింది దానికి సరిగ్గా తలకిందులు. అగ్ని నక్షత్రం రోజుల్లో ఒక మధ్యాహ్నం మేము భోజనం చేసి పడుకున్నాం. మా మణి ఆ గూటి ముందే గొలుసుతో కట్టి ఉంది. నీడ కోసం లోపలికి పోతే రేకు వేడి, బయటికి వస్తే ఎండ. మేము లేచి చూసేసరికి నోట చొంగ, నాలుక ఎర్రగా కందిపోయింది, కాళ్లు నిలవడం లేదు. చల్లటి నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, ఆటోలో వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లాం. బతికింది. తప్పు పూర్తిగా మాదే.

కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నాలుక మీద, నోట్లో తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మద్రాసు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ తడి త్వరగా ఆరదు. అందుకే థర్మామీటరు చూపించే అంకె కన్నా కుక్క పడే బాధ ఎక్కువ. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌ను, ఒత్తు బొచ్చున్న హస్కీని ఇక్కడ బయట ఉంచాలనే ఆలోచనే వద్దు. వాటికి ఏ గూడూ చాలదు.

రెండోసారి కట్టించినది ఇలా. నేల మీద నుంచి అడుగున్నర ఎత్తు అరుగు. మీ వీధిలో 2015 డిసెంబరు వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీకే గుర్తుంటుంది, వీలైతే అరుగు అంతకన్నా ఎత్తు పెట్టండి. అరుగు మీద కడప రాయి పరిచాం, కొంచెం వాలుగా, గరుకు వైపు పైకి ఉండేలా. నున్నటి వైపు పైకి వేస్తే ముసలి కుక్క కాళ్లు జారుతాయి. కప్పుకు పాత ఇల్లు పడగొట్టిన చోట కొన్న మంగళూరు పెంకులు. గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు వదిలాం, వేడి గాలి అందులోంచి పోతుంది. చూరు అడుగు ముందుకు ఉంది. తాటాకు కప్పు చల్లగానే ఉంటుంది కానీ అందులో పిడుదులు దాక్కుంటాయి. గోడ పగుళ్లలోనూ అంతే, పిడుదు జ్వరం కుక్కను చంపేస్తుంది. పగుళ్లు పూడ్చి ఏటా సున్నం కొట్టించండి.

కొలతకు టేపు కన్నా కుక్కే మేలు. అది కాళ్లు బార చాపి పడుకోవాలి, తల వంచకుండా నిలబడాలి, ఇబ్బంది లేకుండా వెనక్కి తిరగాలి. మామూలు నాటు కుక్కకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు సరిపోయింది. మన రాజపాళయం కుక్క ఇంకా పొడవు. మన అంటున్నాం, ఎందుకంటే ఆ జాతిని పెంచి పేరు తెచ్చినవారిలో రాజపాళయంలో తరతరాలుగా ఉన్న తెలుగు రాజుల కుటుంబాలు ముఖ్యం. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. ఒళ్లు తెలుపు, ముక్కు గులాబీ రంగు. ఎండకు ముక్కు తొందరగా కందుతుంది, దానికి నీడ మరీ అవసరం.

గుమ్మం దక్షిణానికి పెట్టాం. ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. దక్షిణపు వాకిలి కుక్కకైనా మంచిది కాదని ఒక బంధువు వాదన. మా లెక్క వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు ఈశాన్యం నుంచి కొడతాయి, అటు గోడ ఉండాలి. సాయంత్రపు ఎండ పడమర నుంచి, అక్కడా గోడే. సముద్రపు గాలి ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది, దానికి దారి వదలాలి. ఇక మిగిలింది దక్షిణమే. చెట్టు నీడ ఉంటే మంచిదే కానీ కొబ్బరి చెట్టు కింద కట్టకండి, కాయ పడితే పెంకూ ఉండదు కుక్కా ఉండదు. గుమ్మానికి దోమతెర వేలాడదీశాం. కుక్కల గుండెలో పెరిగే పురుగు దోమకాటుతోనే వస్తుంది.

గొలుసు మాట. ఎల్లకాలం కట్టి ఉంచి, కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మరీ పొట్టి గొలుసూ, మరీ బరువు గొలుసూ అంతే. మేము గొలుసు తీసేసి పెరటి గేటు ఎత్తు పెంచాం. ఖర్చు గూటికంటే కొంచెం ఎక్కువే అయింది.

కార్పొరేషన్ లైసెన్సు తప్పనిసరి, దానికి రేబిస్ టీకా సర్టిఫికెట్ కావాలి. రెండింటి జిరాక్సులు ఒక కవరులో పెట్టుకోండి, గుమాస్తాగా పనిచేసినవాళ్లం కాబట్టి చెబుతున్నాం.

తుఫాను గాలి దిక్కు మారుస్తుంది, అప్పుడు ఏ గోడా ఆపదు. దీపావళి టపాసులకూ గూడు అడ్డు కాదు. ఆ రాత్రుల్లో కుక్క ఇంట్లోకే రావాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు పెరట్లో అరుగు అంచుదాకా నీళ్లు నిలిచాయి. మణి హాల్లో కుట్టుమిషను కింద పడుకుని రెండు రోజులు కదలలేదు.