మోటార్ హోమ్‌లో చలి: ముందు సీట్లో చెమట, వెనక సీట్లో వణుకు

ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. చిన్నదే అనిపిస్తుంది గానీ, చివరిదాకా వింటే ఎంత పెద్దదయ్యేదో మీకే అర్థమవుతుంది.

డల్లాస్‌లో మా అక్క వాళ్ళుంటారు. అమ్మానాన్నల్ని తీసుకుని డిసెంబర్‌లో అక్కడికెళ్ళా. క్రిస్మస్ సెలవులకి ఒక మోటార్ హోమ్ అద్దెకి తీసుకుని గ్రాండ్ కేన్యన్ బయల్దేరాం. మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండి. స్టీరింగ్ మా బావ చేతిలో, హీటర్ నాబ్ నా చేతిలో. డల్లాస్‌లో టీషర్ట్ సరిపోయింది. కానీ అమరిల్లో దాటి ఐ-40 మీద పడమటికి పోతుంటే రోడ్డు ఎత్తుకి ఎక్కుతూనే ఉంటుంది. ఆల్బుకర్కీ సుమారు 1,600 మీటర్ల ఎత్తు, ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 2,100 మీటర్లు. చలికాలంలో అక్కడ మంచు పడుతుంది.

నాకు ముందు చెమట పడుతోందని హీటర్ తగ్గించా. "అమ్మా, చలేస్తోందా?" అని ముందు నుంచే అరిచి అడిగా. "లేదు నాన్నా, బానే ఉంది" అంది. పెట్రోల్ బంకు దగ్గర ఆగి వెనక్కి వెళ్ళి చూస్తే అమ్మ పాదాలు ఐస్ ముక్కల్లా ఉన్నాయి. "కాసేపు ఆ స్టవ్ వెలిగిద్దామా అన్నాను, మీ నాన్నే వద్దన్నారు" అంది. ఆ మాటకి నిజంగా గుండె ఆగినంత పనైంది. ఎందుకో తర్వాత చెప్తా.

ముందు అసలు చలి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మోటార్ హోమ్ చూడ్డానికి ఒకటే బండి, నిజానికి రెండు. ముందు భాగం వ్యాన్, వెనకది దాని మీద కట్టిన ఇల్లు. డ్యాష్‌బోర్డ్ హీటర్ ఇంజిన్ కూలెంట్‌లోని వేడిని వాడుకుంటుంది. అది వ్యాన్ క్యాబిన్‌కి లెక్కేసి పెట్టింది. మనమేమో దాంతో ఇల్లంతా వేడెక్కాలనుకుంటాం. పైగా స్పీడ్‌గా వెళ్తుంటే గాలి తలుపు సందుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి దూరుతూనే ఉంటుంది. వేడి గాలి పైకి పోతుంది, చల్లగాలి కింద ఉంటుంది. అందుకే ముందు కాళ్ళే గడ్డకడతాయి.

సరే, చిన్న హీటర్ కొని ప్లగ్ పెడితే? బీటెక్‌లో చదివిన లెక్క ఇక్కడ పనికొచ్చింది. 1,500 వాట్ల హీటర్‌ని ఇన్వర్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే 125 ఆంపియర్లు లాగుతుంది. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి అనుకుంటే అరగంట కూడా రాదు. అదే 12 వోల్టుల కరెంటు దుప్పటి 50 వాట్ల దగ్గర పనిచేస్తుంది, అంటే 4 ఆంపియర్ల పైచిలుకు. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్‌కి అదొక లెక్కే కాదు. ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తుంచుకోవాల్సింది ఇదే: బండి నడుస్తున్నప్పుడు ఇంటిని కాదు, మనుషుల్ని వెచ్చగా ఉంచాలి.

అందుకే ఖాళీని తగ్గించండి. అందరూ వీలైనంత ముందుకి, సీట్ బెల్ట్ ఉన్న సీట్లలోకి రండి. వాళ్ళ వెనక ఒక మందపాటి దుప్పటి తెరలా కట్టండి. డ్రైవర్ అద్దాలకి మాత్రం అడ్డం రాకూడదు. తలుపు కింద సందులో టవల్ కుక్కండి. పాదాల కింద రగ్గు, ఊలు సాక్సులు, ఒళ్ళో వేడినీళ్ళ రబ్బరు బ్యాగ్. పిల్లలకి లావు జాకెట్ మీద బెల్ట్ పెట్టొద్దు. గుద్దుకుంటే జాకెట్ నలిగి బెల్ట్ వదులైపోతుంది. జాకెట్ తీసి బెల్ట్ పెట్టి, పైన దుప్పటి కప్పండి. ముందు అద్దం మసకబారితే డీఫ్రాస్ట్‌తో పాటు ఏసీ కూడా నొక్కండి. చలిలో ఏసీ ఏంటి అనుకోకండి, అది గాలిలో తేమని లాగేస్తుంది.

మరి వెనక ప్రొపేన్ ఫర్నేస్ ఉంది కదా? ఉంది. మైనస్ 42 డిగ్రీల దాకా ప్రొపేన్ ఆవిరవుతుంది కాబట్టి చలికి పనికొస్తుంది. బ్యూటేన్ అయితే సున్నా దగ్గరే మొరాయిస్తుంది. బండి నడుస్తుండగా ఫర్నేస్ వేయొచ్చా అంటే, మీ బండి మాన్యువల్, అద్దె అగ్రిమెంట్ చెప్పిందే ఫైనల్. యూరప్‌లో చాలా బండ్లకి గుద్దుకుంటే గ్యాస్ ఆపేసే క్రాష్ సెన్సర్ రెగ్యులేటర్ ఉంటుంది, అది ఉంటే నడుస్తూ కూడా వాడతారు. అమెరికా బండ్లలో చాలావాటికి అది ఉండదు. పెట్రోల్ కొట్టించే ముందు మాత్రం మంట ఉన్న ప్రతిదీ ఆపాల్సిందే. బాల్టిమోర్ హార్బర్ టన్నెల్ లాంటి చోట్ల పెద్ద ప్రొపేన్ సిలిండర్లున్న బండ్లని అసలు రానివ్వరు. మేం చేసింది ఏంటంటే, రెండు గంటలకోసారి ఆగి, పదిహేను నిమిషాలు ఫర్నేస్ వేసి, టీ తాగి, మళ్ళీ ఆపేసి బయల్దేరడం.

ఇప్పుడు స్టవ్ సంగతి. ఫర్నేస్ పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. స్టవ్‌కి గొట్టం లేదు, అది వదిలేదంతా మనం పీల్చే గాలిలోకే. తలుపులన్నీ బిగించిన చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తు. ప్రయాణం బడలిక అనుకుని నిద్రపోతారు, ఆ నిద్రలోంచి లేవకపోవచ్చు. కదిలే బండిలో మంట అయితే ఇంకో ప్రమాదం. అందుకే స్టవ్ వంటకే, వెచ్చదనానికి కాదు. బయల్దేరే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి. మంచులో ఇరుక్కుపోతే ఇంజిన్ ఆన్ చేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేదంటే ఆ పొగ కూడా లోపలికే వస్తుంది. అలా ఇరుక్కుంటే వేడికి ఆధారం ఇంధనమే కాబట్టి ట్యాంక్ సగం కంటే తగ్గనివ్వకండి.

ఫ్లాగ్‌స్టాఫ్‌లో మేం 2 పనులు చేశాం. వెనక సీటు దగ్గర చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టి, దాని డిస్‌ప్లే ముందు తగిలించాం. హీటర్ నాబ్ ఆ నంబర్ చూసి తిప్పేవాళ్ళం, మా ఒంటి చెమట చూసి కాదు. రెండోది, ఆగిన ప్రతిసారీ సీట్లు మారేవాళ్ళం. నేను వెనక కూర్చున్న మొదటి గంటలోనే అమ్మ ఎంత ఓర్చుకుందో తెలిసింది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "బానే ఉంది" అంటారు. మీ డ్రైవింగ్‌కి అడ్డం రాకూడదని, డబ్బులు పెట్టి తీసుకొచ్చారు కదా అని, ఏమీ చెప్పరు. వాళ్ళ మాట నమ్మకండి. బండి ఆపి, వెనక్కి వెళ్ళి, పాదం పట్టుకుని చూడండి.

మళ్ళీ కలుద్దాం. జాగ్రత్తగా వెళ్ళి రండి.