తల్లి పీల్చే గాలి

బాలలారా! మీ పిన్ని కడుపుతో ఉన్నదనుకోండి. ఆమె ఎన్నడూ సిగరెట్టు ముట్టలేదు. బాబాయి మాత్రం కిటికీ దగ్గర నిలబడి కాలుస్తాడు. "పొగ బయటికే పోతున్నదిగా!" అంటాడు. నిజంగా అంతా పోతుందా?

పోదు. బాబాయి వదిలిన పొగా, సిగరెట్టు కొన నుండి లేచే పొగా ఇల్లంతా వ్యాపిస్తాయి. వాటిని పిన్ని కూడా పీలుస్తుంది. ఇలా ఇతరుల పొగను పీల్చడాన్ని పరోక్ష ధూమపానం అంటారు.

గర్భంలోని శిశువు తానుగా గాలి పీల్చుకోలేదు. తల్లి రక్తంలోని ప్రాణవాయువు, ఆహారసారం మాయ ద్వారా, బొడ్డుతాడు గుండా బిడ్డకు అందుతాయి. తల్లి ఊపిరే బిడ్డకు ఊపిరి.

సిగరెట్టు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం హిమోగ్లోబిన్. దానిని ఒక బండి అనుకోండి. ఈ విషవాయువు ఆ బండిని ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. అందువలన ప్రాణవాయువుకు చోటు తగ్గుతుంది. పొగలోని నికోటిన్ రక్తనాళాలను ముడుచుకొనేట్లు చేస్తుంది. అప్పుడు మాయకు చేరే రక్తమూ తగ్గుతుంది. ఫలితంగా శిశువు ఎదుగుదల కుంటుపడవచ్చు.

ఇతరుల పొగ పీల్చిన తల్లులకు పుట్టే బిడ్డల బరువు సగటున కొన్ని పదుల గ్రాములు తగ్గుతున్నదని పరిశోధకులు కనుగొన్నారు. "అంతేనా?" అనకండి. 2500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు ఒంటి వేడి నిలుపుకోవడం, పాలు త్రాగడం కష్టం కావచ్చు. జబ్బులు కూడా సులభంగా సోకుతాయి. ఆ హద్దుకు దగ్గరగా ఉన్న బిడ్డకు ప్రతి గ్రామూ విలువైనదే.

మన మలేషియాలో 2019 జనవరి 1 నుండి భోజనశాలలలో పొగ త్రాగడాన్ని నిషేధించారు. మరి మన ఇంటి గాలిని కాపాడేదెవరు? మనమే! కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా, వేరే గదిలో కాల్చినా చాలదు. ఇంటిలో అసలే కాల్చకూడదు. పూర్తిగా మానివేస్తే మరీ మంచిది. మానాలనుకొనేవారికి వైద్యులు సహాయం చేస్తారు.

ఇంకొక మంచిమాట వినండి. పొగ తగలకుండా ఉంటే తల్లి రక్తంలో చేరిన ఆ విషవాయువు ఒకటి రెండు రోజులలోనే తగ్గిపోతుంది. కనుక ఈ రోజే మర్యాదగా అడగండి: "బాబాయ్, పాపాయి కోసం ఇంట్లో సిగరెట్టు కాల్చవద్దు."

ప్రశ్నలు
1. గర్భంలోని శిశువుకు ప్రాణవాయువు ఎలా అందుతుంది?
2. కార్బన్ మోనాక్సైడ్ వలన కలిగే హాని ఏమిటి?
3. కిటికీ తెరిస్తే చాలదని ఎందుకు అంటున్నాము?