కొర్ర బిస్కెట్‌లో కొర్ర ఎంత? ప్యాకెట్ తిండి మన ఒంటికి, మన ఊరికి చేస్తున్నదేంటి



పై వీడియోలో మా షెడ్డు మూలన గోనెపట్ట కప్పి పెట్టిన ఓవెన్ కనిపిస్తుంది. అది చూసినవాళ్లు చాలామంది "అన్నా, అంత మంచి మిషన్ ఎందుకు ఆపేశావు?" అని అడుగుతారు. ఈరోజు దాని గురించే చెప్తాను.

మాది అనంతపురం వైపు మెట్ట ప్రాంతం. కొర్రలు, శెనక్కాయ, కంది వేస్తాం. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చాక పంటను నేరుగా అమ్మితే ఏం మిగలదు, విలువ జోడించాలి అని అందరూ చెప్తుంటే లోన్ తీసుకుని ఓవెన్ కొన్నాను. కొర్ర బిస్కెట్లు మొదలుపెట్టాను. మొదట్లో కొర్ర పిండి, బెల్లం, శెనక్కాయ పొడి, నెయ్యితో చేసేవాళ్లం. రుచి బాగుండేది కానీ తొందరగా విరిగిపోయేవి, నెల తిరక్కుండానే వాసన మారేది. సిటీలో సరుకు తీసుకునే ఒకాయన "ఆరు నెలలు నిలవ ఉండాలి, కరకరలాడాలి, రేటు తగ్గాలి" అన్నాడు. ఒక్కో మార్పు చేసుకుంటూ పోయాం. చివరికి 100 గ్రాముల్లో మైదా 48, చక్కెర 20, వనస్పతి 17, కొర్ర పిండి 12, మిగతా 3 ఫ్లేవరు, పౌడర్లు. ప్యాకెట్ మీద మాత్రం "కొర్ర బిస్కెట్" అని పెద్దక్షరాలు. 12 శాతం అని వెనకాల చిన్నక్షరాలు. తప్పుడు లెక్క రాయలేదు. కానీ ఎవరు చదువుతారు?

బాగా అమ్ముడుపోయాయి. ఒకరోజు పొలం గట్టున మా పక్క చేను మామ కలిశాడు. ఆయనకు షుగర్. "పొద్దున టీతో నాలుగు నీ బిస్కెట్లే తింటున్నా రా, అన్నం తగ్గించినా. నువ్వు చేసినవే కదా, మంచివే కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మందు కొట్టకుండా పండించిన కొర్రను తీసుకెళ్లి మైదా, చక్కెరకు ముసుగు కింద వాడుతున్నానని ఆరోజు అర్థమైంది. ఆ ఆర్డర్ ఆపేశాను. కంతులు ఇంకా కడుతున్నాను.

ప్రాసెసింగ్ అంటేనే తప్పు కాదు

మనలో కొంతమంది "ప్రాసెసింగ్ అంటేనే విషం" అంటారు. అది సరి కాదు. రోకలితో దంచడం, తిరగలి పట్టడం, గానుగ ఆడించడం, పెరుగు తోడేయడం, ఊరగాయ పెట్టడం, ఇవన్నీ ప్రాసెసింగే. మరి గీత ఎక్కడ?

బ్రెజిల్‌లో సావో పాలో యూనివర్సిటీకి చెందిన కార్లోస్ మోంటైరో 2009లో ఈ గీతను ముందుకు తెచ్చారు. తర్వాత ఆయన బృందం తయారుచేసిన వర్గీకరణను 'నోవా' అంటారు. నాలుగు గుంపులు. మన శెనక్కాయతోనే చెప్తాను.

1. శెనక్కాయ పచ్చిదైనా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా మొదటి గుంపు. అది ఇంకా ఆహారమే.
2. దాన్నుంచి తీసిన నూనె రెండో గుంపు. ఉప్పు, బెల్లం, చక్కెర కూడా ఇందులోవే. వంటలో వేసుకునేవి.
3. ఉప్పేసి వేయించిన శెనక్కాయలు మూడో గుంపు. మొదటి రెండూ కలిపి చేసినవి.
4. నాలుగోది అల్ట్రా ప్రాసెస్డ్. పంటను పిండి, నూనె, చక్కెరగా విడగొట్టి, వంటింట్లో ఉండని రంగులు, ఫ్లేవర్లు, ఎమల్సిఫయర్లు కలిపి ఫ్యాక్టరీలో మళ్లీ ఒక రూపం ఇచ్చినవి. కూల్ డ్రింకులు, మసాలా పఫ్‌లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, చాలా రకాల బిస్కెట్లు.

నా కొర్ర బిస్కెట్ మొదటి నెల మూడో గుంపులో ఉండేది. ఆరో నెలకు నాలుగో గుంపులోకి వెళ్లిపోయింది. పంట అదే, పొలం అదే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఒక పరీక్ష చేసింది. 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచుకున్నారు. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు తిండి. ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింట్లో సమానం. కావాల్సినంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో దాదాపు 0.9 కిలో బరువు పెరిగారు. మామూలు తిండిలో అంతే తగ్గారు. అంటే "కంట్రోల్ లేదు" అని పిల్లోడిని తిట్టి లాభం లేదు. ఆ తిండి మెత్తగా, నమలకుండానే దిగిపోతుంది. కడుపు నిండిందని తెలిసేలోపే ప్యాకెట్ అయిపోతుంది.

రెండోది, తీసేసినవాటి సంగతి. గోధుమ నుంచి మైదా చేసేటప్పుడు పొట్టు, మొలక రెండూ పోతాయి. పీచు, బి విటమిన్లు ఎక్కువగా ఉండేది వాటిలోనే. బియ్యానికీ ఇదే కథ. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికినవాళ్లకు బి1 లోపంతో బెరిబెరి వచ్చేది. మన సర్కారు జిల్లాల్లో కూడా ఆ జబ్బు ఉండేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మొదలైందే దానికోసం. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి విచారణ కేంద్రంగా పుట్టి, 1958లో హైదరాబాద్ వచ్చింది. అంటే పంటలోంచి మంచి భాగం తీసేసి తింటే ఏమవుతుందో మనకు నూరేళ్ల కిందే తెలుసు.

అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో దేశంలోని మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరికాని ఆహారం వల్లేనని అంచనా చెప్పింది. ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం (2023లో వచ్చింది) దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఇదంతా ఒక్క ప్యాకెట్ తిండి వల్లే అని నేను అనను. పాలిష్ బియ్యం ఎక్కువ తినడం, ఒళ్లు వంచే పని తగ్గడం కూడా ఉన్నాయి. కానీ వాటి మీద ఇది అదనపు బరువు.

ఊరికి ఏం జరుగుతుంది?

ఒంటికి జరిగేది డాక్టర్లు చెప్తారు. ఊరికి జరిగేది మనమే చెప్పుకోవాలి.

ఒక లీటరు గానుగ నూనెకు సుమారు రెండున్నర కిలోల శెనగ గింజలు పడతాయి. నూనె ఇంటికి, కిలోన్నర దాకా చెక్క ఆవుకు. ఆవు పేడ, మూత్రం జీవామృతానికి. జీవామృతం మళ్లీ అదే చేనుకు. గానుగ ఆడించినాయనకు కూలి. ఇదంతా ఊరి పొలిమేరలోనే తిరుగుతుంది.

ఇప్పుడు ఏం చేస్తున్నాం? పంట మొత్తం మండీకి తోలేస్తాం. తిరిగొచ్చేటప్పుడు పామాయిల్ ప్యాకెట్లు తెచ్చుకుంటాం. చెక్క దొరక్క దాణా కొంటాం. తవుడు కూడా అంతే, మిల్లు నుంచే ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడ హెక్సేన్‌తో నూనె తీసేశాక మిగిలిన పిప్పి దాణా రూపంలో మన దగ్గరికే వస్తుంది, డబ్బులిచ్చి కొంటాం.

రేటు కూడా చూడండి. 2024-25లో మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలు 2,225 రూపాయలు, కిలో 22 రూపాయల 25 పైసలు. అదే మొక్కజొన్న పఫ్‌లు 10 రూపాయల ప్యాకెట్‌లో 20 గ్రాములు ఉంటే కిలో 500 అన్నమాట. నూనె, మసాలా, కవరు, రవాణా, ప్రకటన ఖర్చు ఉంటుంది, నిజమే. కానీ ఆ 500లో మన వాటా ఎంతో లెక్కేసుకోండి. అమ్మేది మనమే, ఇరవై రెట్లు పెట్టి కొనేదీ మన పిల్లలే.

అమ్మలను తిట్టొద్దు

"పాతకాలం ఆడవాళ్లు చేసిపెట్టేవాళ్లు, ఇప్పటివాళ్లకు బద్ధకం" అని మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్తారు. మా అవ్వ కొర్రలు దంచి దంచి చేతులు కాయలు కాసినాయి. ఆ కష్టం మళ్లీ ఎవరికీ రాకూడదు. పొద్దున ఆరింటికే కూలికి పోయే అమ్మకు 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఒక ఆసరా. దాన్ని లాగేసుకోవాలంటే దాని జాగాలో ఇంకోటి పెట్టాలి. అంటే ఊర్లో కొర్రలు పట్టే చిన్న మిల్లు, గానుగ, బడి దగ్గర శెనక్కాయ ఉండలు, గుగ్గిళ్లు అమ్మే ఒక బండి. డ్వాక్రా గ్రూపులో నలుగురు కలిస్తే అయ్యే పని.

ప్యాకెట్ ఎలా చదవాలి?

- వెనక వైపు పదార్థాల జాబితా చూడండి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలని రూలు. మొదటి మూడూ మైదా, చక్కెర, పామాయిల్ అయితే ముందు వైపు ఏ బొమ్మ ఉన్నా పట్టించుకోవద్దు.
- రాగి, కొర్ర, జొన్న అని పేరు పెడితే ఎంత శాతమో చూడండి.
- ఐఎన్‌ఎస్ నంబర్లు అన్నీ విషం కాదు. 500 వంటసోడా, 322 లెసిథిన్. కానీ నంబర్లు, ఫ్లేవర్లు వరుసగా ఉంటే అది నాలుగో గుంపు అని గుర్తు.
- బరువు, రేటు చూసి కిలో ఎంత పడిందో పిల్లల చేతే లెక్క కట్టించండి. మా పాప ఒకసారి కట్టింది, ఆ తర్వాత తనే అడగడం తగ్గించింది.

మనకు మనం పెట్టుకోవాల్సిన గీత

ఇప్పుడు మిల్లెట్ నూడుల్స్, మిల్లెట్ కుకీలు, మిల్లెట్ పఫ్‌లు చేయమని మన గ్రూపులకు చాలా పిలుపులు వస్తున్నాయి. చేయండి, నేను వద్దనను. కానీ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో ఉన్నవన్నీ మన వంటింట్లో ఉంటాయా? లేకపోతే పొలంలో మానేసిన పనిని మనం ప్యాకెట్‌లో చేస్తున్నట్టే. మందు వేయకుండా పండించామన్న నమ్మకం మీద జనం కొంటున్నారు. ఆ నమ్మకాన్ని మైదాకు అరువు ఇవ్వకూడదు.

నేను ఇప్పుడు కొర్ర బియ్యం, గానుగ నూనె, శెనక్కాయ ఉండలు అమ్ముతున్నాను. ఉండలు నిలవ ఉండేది ఇరవై రోజులే. అందుకే నా సరుకు మా జిల్లా దాటి పోవట్లేదు. ఆదాయం ముందుకంటే తక్కువే, దాచడం ఎందుకు. మామకు మాత్రం విషయం మొత్తం చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి "కొర్ర బియ్యం ఐదు కిలోలు కట్టు" అన్నాడు.

శెనక్కాయ ఉండల పాకం కొలత, ఎక్కువ రోజులు కరకరలాడేలా వేయించే పద్ధతి వచ్చే వీడియోలో చూపిస్తాను. మీ ఊర్లో ఇంకా గానుగ ఉంటే, కొర్రలు పట్టే మిల్లు ఉంటే కింద రాయండి. పక్క ఊరి రైతుకు పనికొస్తుంది.