ఉరుముల మేఘమును గణితమున పెంచుట

వేసవి సాయంకాలమున గుమ్మటమువలె లేచు ఉరుముల మేఘము శ్రోతలకు క్రొత్త కాదు. అది గంటలోపలనే 10 కిలోమీటర్ల ఎత్తు దాటగలదు. పొలమునందలి కూలీలకు, చెట్టుక్రింది గొఱ్ఱెలకాపరికి ముందే హెచ్చరిక అందినచో ప్రాణములు దక్కును. అందులకై వాతావరణమును గళ్లుగా విభజించి కంప్యూటరుతో లెక్కింతురు. గడి వెడల్పు 25 కిలోమీటర్లయినచో మేఘము అందు కనబడనే కనబడదు. దాని ప్రభావమును ఉజ్జాయింపు సూత్రముతో చేర్చవలెను. 3 కిలోమీటర్లకు తగ్గించినపుడు సాధారణముగా ఆ సూత్రమును తొలగింతురు. లేనిచో ఒకే మేఘమును రెండుమారులు లెక్కించు ప్రమాదము కలదు.

1982లో అమెరికాలో వైస్మన్, క్లెంప్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరీక్ష మాకు మిక్కిలి నచ్చినది. లెక్కలోని గాలిలో 2 డిగ్రీలు వెచ్చనైన బుడగ నొకదానిని వదలి, తేమను, ఎత్తుతోపాటు గాలి మారు తీరును మాత్రమే మార్చి చూచిరి. గాలిలో మార్పు స్వల్పమైనచో మేఘము త్వరలోనే కరగిపోయినది. అధికమైనచో రెండుగా చీలి చాలసేపు నిలిచినది. తక్కినవి కదల్పలేదు గనుకనే కారణము తెలిసినది.

మంచురేణువుల సూత్రమును, నేలతేమను, గడి పరిమాణమును ఒక్కమారే సవరించి, రాడారు బొమ్మతో సరిపోయినదని సంతోషించువారును కలరు. రెండు తప్పులు ఒకదాని నొకటి కప్పిపుచ్చినను లెక్క ఒప్పువలెనే తోచును! అట్టి అమరికను పెక్కు ఉరుముల దినములతోనేగాక, మేఘము పుట్టని దినములతోకూడ సరిచూడవలెను.