చలువను నిలువచేయుట

2014 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొనిపడగా విద్యుత్స్తంభములు వేలకొలది నేలగూలెను. నగరమున పెక్కు భాగములకు కొన్ని దినములవఱకు కరెంటు లేకపోయెను. దీపము లేకున్నను మన మోర్చుకొనగలము. రేవునందలి చేపయు, ఆరోగ్యకేంద్రమునందలి టీకామందును ఓర్చుకొనజాలవు. డీజిలు జనరేటరు నడపవచ్చును గాని తుపాను పిమ్మట డీజిలు దొరకవలెను గదా!

బ్యాటరీలలో విద్యుత్తును నిలువచేసిన చాలదా యని విద్యార్థు లడుగవచ్చును. లెక్క కట్టి చూతము. 12 వోల్టులు, 100 ఆంపియరు-గంటల బ్యాటరీయందు 1.2 యూనిట్ల శక్తి యుండును. శీతలయంత్రము తాను గొన్న విద్యుత్తునకు మూడింతల వేడిని వెలుపలికి దోడునని యనుకొందము. అప్పుడా బ్యాటరీ పూర్తిగా ఖర్చయిన 3.6 యూనిట్ల వేడి తొలగును. అంత వేడిని సుమారు 39 కిలోగ్రాముల మంచుగడ్డ, ఏ యంత్రమును లేకయే, కరగుచు తనలో నిముడ్చుకొనును! మంచు కరగునప్పుడు గ్రాము ఒక్కంటికి 80 కాలరీలు మ్రింగియు, కరగుట ముగియువఱకు 0 డిగ్రీలనే యుండును. 18 వ శతాబ్దమున జోసెఫ్ బ్లాక్ అను పండితుడు గ్లాస్గో నగరమున పరిశోధించి తెలిపిన గుప్తోష్ణ మిదియే. బ్యాటరీ కొన్ని యేండ్లకు క్షీణించును. నీరు వేయిమారులు గడ్డకట్టినను అరుగదు. కావున దీపములకును ఫ్యానులకును బ్యాటరీ నుంచి, చలువను మంచుగానే దాచుట మేలని నా తలంపు. విద్యుత్తు వాడుక తగ్గు రాత్రివేళను, సూర్యఫలకములున్నచో పగటివేళను, ఆ మంచును సిద్ధపఱచుకొనవచ్చును.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రములందు టీకామందుల నుంచు పెట్టె యీ సూత్రముననే పనిచేయును. దాని గోడలవెంట నీరు గడ్డకట్టియుండుటచే, దినమునకు 8 గంటలు మాత్రమే కరెంటున్నను లోపల 2 మొదలు 8 డిగ్రీల చల్లదనము నిలుచును. గడ్డకట్టిన చెడిపోవు టీకామందులును గలవు. అందుచే వానిని మంచునకు తగులనీయరు.

ఎగుమతి రొయ్యలకు ఈ మంచు చాలదు. వానికి సున్నకు దిగువ 18 డిగ్రీలు కావలెను. నూటికి 23 పాళ్లు ఉప్పు గలిసిన నీరు సున్నకు దిగువ 21 డిగ్రీలయొద్ద గడ్డకట్టును. అట్టి యుప్పునీటి పలకలను గిడ్డంగిలో నమర్చిన, యంత్ర మాగినను కొన్ని గంటలు సరకు చెడదు. అయితే గోడలు వేడిని లోనికి రానీయకుండవలెను. ఐసు వర్తకులు రంపపుపొట్టు కప్పుటయు, రేవులో థర్మోకోలు పెట్టెలు వాడుటయు నిందుకే.

మన ఉక్కునగరపు క్వార్టర్లలోని తల్లులు తుపాను హెచ్చరిక విన్నతోడనే ఫ్రిజ్జు మంచుగదిలోని ఖాళీలను నీటిసీసాలతో నింపవలెను. నీరు గడ్డకట్టునప్పుడు ఉబ్బును గనుక మూతదాక నింపరాదు. కరెంటు పోయిన పిమ్మట పిల్లలు మాటిమాటికి తలుపు తీయకుండ చూచుకొనవలెను.