వాచీ జోస్యం, ఒంటి లెక్క

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్లు సాధన చేసే యువకులకైనా, హైదరాబాద్ మారథాన్‌కు సిద్ధమయ్యేవారికైనా చేతి వాచీ ఇప్పుడు జోస్యం చెబుతోంది: ఇంత దూరం ఇన్ని నిమిషాల్లో ముగిస్తారని. సెకన్లతో సహా చూపే ఆ అంకెను చూస్తే నమ్మకం కలగడం సహజం. కానీ అది అన్నీ అనుకూలిస్తే ఒంటికి చేతనయ్యే పనికి వేసిన అంచనా మాత్రమే. దూరం పెరిగేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ ఆ అంచనా నిజానికి దూరమవుతుంది.

వాచీ అడుగున వెలిగే పచ్చని కాంతి చర్మం కింది రక్తప్రవాహాన్ని బట్టి గుండె వేగాన్ని లెక్కిస్తుంది. ఉపగ్రహ సంకేతాలు పరుగు వేగాన్ని చెబుతాయి. ఈ రెంటి నుంచి శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో వాచీ ఊహించి, దాన్నుంచి పరుగు సమయాన్ని లెక్కగడుతుంది. ఆ ఊహకు గరిష్ఠ గుండె వేగం తెలియాలి. మనం పరీక్షించి నమోదు చేయకపోతే చాలా వాచీలు 220 లోంచి వయసు తీసేసి సరిపెట్టుకుంటాయి. అసలు వేగం అంతకంటే పది పన్నెండు స్పందనలు ఎక్కువో తక్కువో ఉండటం మామూలే. ఆక్సిజన్ అంచనాలో 5 శాతం తేడా వస్తే పరుగు సమయంలో సుమారు 4 శాతం తేడా వస్తుంది. 1600 మీటర్లను 8 నిమిషాల్లో ముగించాల్సిన అభ్యర్థికి అది దాదాపు 20 సెకన్లు. ఉద్యోగం వచ్చేదీ పోయేదీ అక్కడే తేలుతుంది.

దూరం సంగతి ఇంకా క్లిష్టం. అమెరికన్ ఇంజనీరు పీటర్ రీగెల్ 1977లో ప్రకటించిన సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే సమయం 2.08 రెట్లవుతుంది. 10 కిలోమీటర్లు 50 నిమిషాల్లో పరుగెత్తినవారు మారథాన్‌ను 3 గంటల 50 నిమిషాల్లో ముగించాలి. అయితే సూత్రంలో దూరానికి వేసే 1.06 అనే ఘాతాన్ని, దూరంతో వేగం ఎక్కువగా పడిపోయేవారికి తగ్గట్టు, 1.15 చేస్తే అదే మనిషికి 4 గంటల 22 నిమిషాలు పడుతుంది. పరిశోధకులు వికర్స్, వెర్టోసిక్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఈ సూత్రం హాఫ్ మారథాన్ వరకు బాగానే పనిచేసింది. మారథాన్‌కు వచ్చేసరికి సగం మందికి కనీసం 10 నిమిషాలు తక్కువ చూపింది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే ఇంధనం చాలామందికి 30 కిలోమీటర్ల ప్రాంతంలో తరిగిపోతుంది. అంటే ఇంచుమించు జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా. అక్కడి నుంచి మిగిలిన 12 కిలోమీటర్లకు శరీరం ఎలా స్పందిస్తుందో పొట్టి పరుగుల సమాచారం చెప్పలేదు.

ఎండ ఈ లెక్కను రెండు వైపులా లాగుతుంది. వేసవిలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతుంది కాబట్టి అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. దాన్ని చూసి వాచీ మనిషి బలహీనపడ్డాడనుకుంటుంది. డిసెంబరు చలిలో సాధన చేసి వేసుకున్న అంచనాతో ఆగస్టు ఉక్కపోతలో హైదరాబాద్ ఫ్లైఓవర్లు ఎక్కితే తప్పు ఎదురుదిశలో పడుతుంది. వేడి పెరిగేకొద్దీ నెమ్మదిగా పరుగెత్తేవారే ఎక్కువ నష్టపోతారని మారథాన్ ఫలితాలపై 2007లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

కొత్త వాచీలు వేడినీ, వారాల సాధననూ లెక్కలోకి తీసుకుంటున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, దోషం తగ్గుతోంది. అయినా పరుగు రోజున ఎంత తాగారో, ఏం తిన్నారో, మొదటి 10 కిలోమీటర్లలో ఎంత తొందరపడ్డారో వాచీ ముందుగా ఎరగదు. అలాగని దాన్ని పక్కన పెట్టనక్కర్లేదు. ఒకే మనిషిలో నెలల తరబడి వచ్చే మార్పును అది ఉపయోగకరంగా చూపుతుంది. ఆ మార్పును నమ్మాలి, నిమిషాల అంకెను మాత్రం పరీక్షించాలి. కానిస్టేబుల్ అభ్యర్థి కొలిచిన మైదానంలో 1600 మీటర్లు పరుగెత్తి చూసుకోవాలి. మారథాన్‌కు వెళ్లేవారు ఇటీవలి హాఫ్ మారథాన్ సమయం నుంచి లెక్కగట్టి, దానికి కనీసం 10 నిమిషాలు కలిపి, ఆ వేగంతోనే మొదలుపెట్టాలి. మొదట నిదానించినందుకు పోయేది కొన్ని నిమిషాలే, తొందరపడితే పరుగే చెడుతుంది.